ఎనిమిది నెలలు చెప్పని జబ్బు

మా పల్లెలో మొట్టమొదట రక్తం ఇచ్చింది మా నాయన. బడి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, అందరికీ కనబడేలా చెయ్యి చాపాడు. సూది గుచ్చింది నగరం నుంచి వచ్చిన టెక్నీషియన్. గొట్టం మీద అంకె రాసింది నేను. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది కూడా నేనే. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే తర్వాత నేను చాలామందిని తిట్టబోతున్నాను.

పెద్దారవీడు నుంచి యర్రగొండపాలెం పోయే దారిలో బస్సు దిగి, కంది చేల మధ్య మట్టిబాటన లోపలికి నడిస్తే మా పల్లె. వాన పడితే పంట, పడకపోతే గొర్రెలు. ఎండాకాలం మందలు నల్లమల అంచుదాకా పోతాయి, తొలకరికి తిరిగొస్తాయి. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. మైక్రోబయాలజీలో పీజీ చేసి, మార్కాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని.

ఆ కాలేజీకి ఒక ప్రాజెక్టు వచ్చింది. విదేశంలో ఒక విశ్వవిద్యాలయం, ఇక్కడ నగరంలో ఒక విశ్వవిద్యాలయం కలిసి చేసే పని. మా కాలేజీ అందులో క్షేత్ర భాగస్వామి. మనిషి ఆరోగ్యం, పశువు ఆరోగ్యం, నేలా నీళ్ల ఆరోగ్యం మూడూ ఒకటేనని, వాటిని విడివిడిగా చూడబట్టే జబ్బులు దొరక్కుండా పోతున్నాయని వాళ్ల వాదన. ఆ మాటతో నాకప్పుడూ పేచీ లేదు, ఇప్పుడూ లేదు. జ్వరమొచ్చిన గొర్రెపిల్లను మా అమ్మ నా పక్కలోనే పడుకోబెట్టేది. ఆ మూడూ ఒకటేనని నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ ఏడు మా ఊరి మందల్లో గొర్రెలు ఈచుకుపోతున్నాయి. అంటే నెలలు నిండకముందే పిల్లల్ని పడేస్తున్నాయి. ఒక్కో మందలో రోజుకొకటి. చచ్చిన పిల్లల్ని కంపచెట్లలోకి విసిరేస్తే కుక్కలు లాక్కుపోయేవి. ఇది విన్న, ప్రాజెక్టు నడిపే నగరం ప్రొఫెసరు సారు, ‘మనకు సరైన ఊరు ఇదే’ అన్నాడు. నన్ను ఫీల్డ్ కోఆర్డినేటరుగా తీసుకున్నాడు. నా చదువు చూసి తీసుకున్నాడని కొన్నాళ్లు సంబరపడ్డాను. పల్లె చేత ‘సరే’ అనిపించడానికి పల్లెలో పుట్టిన మనిషి కావాలని తర్వాత అర్థమైంది.

పల్లె తొందరగా సరే అనలేదు. గొర్రెల రక్తం తీసుకోండి, కుంటలో నీళ్లు తీసుకోండి, దొడ్లో మట్టి తీసుకోండి, మా రక్తం ఎందుకన్నారు. నేను ఇంటింటికీ తిరిగాను. సమ్మతి పత్రం చదివి వినిపించాను. ‘మీ జీవ నమూనాలు భాగస్వామ్య సంస్థల మధ్య పంచుకోబడవచ్చును’ అని ఉంది అందులో. అది తెలుగే గాని, మా పల్లెలో ఎవరూ మాట్లాడే తెలుగు కాదు. మా చిన్నమ్మ, అంటే మా చిన్నాయన భార్య, గడపలో కూర్చుని చివరిదాకా విన్నది.

“అదంతా సరే పాపా. జబ్బుంటే ఉందని మాకు చెప్తారా, చెప్పరా?”

“చెప్తారు చిన్నమ్మా.”

“ఆ కాయితంలో ఉందా?”

“నేను చెప్తన్నా కదా.”

కాగితంలో లేదు. లేదని నాకు తెలుసు. రక్తం తీసుకుని ఫలితం చెప్పకుండా ఎవరుంటారులే, అది రాయాల్సినంత సంగతి కాదులే అనుకున్నాను. చిన్నమ్మ వేలిముద్ర వేసింది. ఆమె కొడుకు సంతకం పెట్టాడు, కోడలు పెట్టింది. మా నాయన ముందు కూర్చున్నాడు గనక ఆయన వెనక మిగతావాళ్లు కూర్చున్నారు.

ఆ ప్రాజెక్టువాళ్లు మా ఊరికి వచ్చిన తీరు నాకు ఈనాటికీ కళ్లలో కారం కొట్టినట్టు ఉంటుంది. మూడు కార్లు. డిక్కీల్లో వాళ్ల తాగునీళ్లు, పెట్టెలు పెట్టెలు. మా బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని వాళ్లకు తెలుసు, వాళ్లే పరీక్ష చేశారు. ఆ నీళ్లే తాగే మా పిల్లల ముందు సీసా మూత తిప్పి తాగి, సగం నీళ్లతో చేతులు కడుక్కునేవాళ్లు. విదేశీ విశ్వవిద్యాలయం తరఫున వచ్చిన మేడమ్ మాటతీరు మెత్తన. ప్రతి ముసలాయనకూ నమస్కారం పెట్టేది. చెప్పులు విప్పి మా ఇంట్లోకి వచ్చింది, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ మాత్రం ముట్టలేదు. అది తప్పని అనను. పాలలోంచి జబ్బులు వస్తాయని ఆమెకు తెలుసు, తన జాగ్రత్త తను చూసుకుంది.

రెండో రోజు మా దొడ్లో ఒక గొర్రె ఈనడానికి అవస్థ పడుతోంది. పిల్ల అడ్డం తిరిగింది. నాయన మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టి, పిల్లను సర్ది బయటికి లాగాడు. పిల్ల ఊపిరి తీయలేదు. దాని మూతి తుడిచి, ముక్కులో తన నోటితో గాలి ఊదాడు. మా వాళ్లంతా చేసే పనే. అది కదిలింది, తుమ్మింది. చుట్టూ నిలబడ్డ అయిదుగురూ చేతులకు తొడుగులు, మూతికి మాస్కులు పెట్టుకుని ఉన్నారు. ప్రొఫెసరు సారు ఫోన్ తీసి ఫొటోలు కొట్టాడు. “అద్భుతం, చేతులు దగ్గరగా చూపించండి” అన్నాడు. నాయన నెత్తుటి చేతులు రెండూ చాపి నిలబడ్డాడు. కారులో తొడుగుల పెట్టెలు ఉన్నాయి. ఒక జత తీసి ఇవ్వాలని వాళ్లలో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నేను ఐస్ బాక్స్‌లో గొట్టాల లెక్క సరిచూసుకుంటున్నాను.

అప్పటికే నాయనకు సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది. ఎండదెబ్బ అనుకున్నాం. వాళ్లు వెళ్లిన రెండు నెలలకు జ్వరం గట్టిపడింది. పొద్దున మామూలుగా ఉండేవాడు. పొద్దు గూకేసరికి వణుకు, ఆ తర్వాత పంచె పిండితే కారేంత చెమట. నడుము వంగేది కాదు. మందతో పోయినవాడు మధ్యలో చెట్టుకింద పడుకుని, గొర్రెలు ఇంకొకరి చేలో పడితే తిట్లు తిని వచ్చేవాడు. మా ఊరికి వచ్చే ఆర్ఎంపీ టైఫాయిడ్ అన్నాడు. మార్కాపురంలో ఒక క్లినిక్‌లో కూడా టైఫాయిడ్ అనే అన్నారు. వారం మాత్రలు వేస్తే తగ్గేది, రెండు వారాలకు మళ్లీ వచ్చేది. అట్ల మూడుసార్లు.

నాకు అనుమానం రాకపోలేదు. ఈచుకుపోయే గొర్రెలు, ఒట్టి చేతులు, వచ్చిపోయే జ్వరం. గొర్రెల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లా అనే క్రిమి గురించి నేను పరీక్షకు చదివినదాన్ని, పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. సారుకు ఫోన్ చేశాను.

“సార్, మా నాయనకు జ్వరం తగ్గడం లేదు. మా ఊరి రిపోర్టులు వచ్చాయా?”

“ఇంకా అనాలిసిస్‌లో ఉన్నాయమ్మా. మనం తొందరపడకూడదు.”

నెల తర్వాత అడిగితే అదే మాట. తర్వాత మెసేజ్ పెట్టాను. చూసినట్టు ఫోన్లో గుర్తు పడేది, జవాబు వచ్చేది కాదు. నాయన్ని ఒంగోలు తీసుకుపోయి నేనే పరీక్ష చేయించి ఉండొచ్చు. ఎందుకు చేయించలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. పెద్ద ప్రయోగశాలలో ఆయన రక్తం ఉంది, అక్కడ ఏదైనా తేలితే చెప్పరా అనే నమ్మకం. చదువుకున్నవాళ్ల మీద చదువుకున్నవాళ్లకుండే పిచ్చి నమ్మకం అది.

ఆ చలికాలంలో మా చిన్నమ్మ కోడలికి అయిదో నెలలో కడుపు పోయింది. పెళ్లయిన నాలుగేళ్లకు నిలిచిన కడుపు. మార్కాపురం ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచి పంపారు. నేను చూడ్డానికి వెళితే ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నమ్మ మాత్రం నాతో మామూలుగానే మాట్లాడింది. అది ఆమె నాతో మామూలుగా మాట్లాడిన ఆఖరిసారి.

అది జరిగిన మూడు వారాలకు మార్కాపురంలో ఒక కల్యాణ మండపంలో సదస్సు పెట్టారు. విశ్వవిద్యాలయాల భాగస్వామ్యాన్ని ఇంకో విడత పొడిగిస్తున్నారు, సంతకాలు జరుగుతాయి. వేదిక మీద పూలకుండీలు, వెనక పెద్ద బ్యానరు. వచ్చిన అతిథులకు మార్కాపురం రాతిపలకల మీద పేర్లు చెక్కించి బహుమతులు. కుర్చీలు సర్దింది నేను. విదేశీ మేడమ్‌కు బొట్టు పెట్టింది కూడా నేనే.

సారు లేచి తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడాడు. మూడో బొమ్మలో మా నాయన చేతులు కనబడ్డాయి. తెర నిండా, నెత్తురుతో. ముఖం కోసేశారు. ‘ప్రమాదకర సంప్రదాయ అలవాట్లు’ అని పైన శీర్షిక. హాల్లో ఎవరో అయ్యో అన్నట్టు నాలుక చప్పరించారు. తర్వాత మ్యాపు వచ్చింది. పేర్లు లేవు గాని పెద్దారవీడు పక్కన మా పల్లె ఉన్నచోట ఎర్రచుక్క ఉంది. ఆ తర్వాత పట్టిక. గొర్రెల్లో బ్రూసెల్లా. కుంట ఒడ్డు మట్టిలో దాని ఆనవాళ్లు. మనుషుల్లో బ్రూసెల్లా. ‘మూడింటినీ ఒకేసారి చూడటం వల్ల ఈ గొలుసు మొత్తం దొరికింది’ అని సారు గర్వంగా చెప్పాడు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో పరీక్షలు పూర్తయిన నెల వేసి ఉంది. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఎనిమిది నెలలు.

అంటే నేను మొదటిసారి ఫోన్ చేసిననాటికే వాళ్ల దగ్గర జవాబుంది.

ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను చెయ్యెత్తాను. సారు నన్ను చూసి నవ్వి, “ఆమె మన స్టాఫే” అని పక్కవాళ్లకు చెప్పి ఇంకొకరి వైపు తిరిగాడు. నేను లేచి నిలబడ్డాను.

“సార్, జబ్బు ఉందని తేలినవాళ్లకు చెప్పారా?”

సారు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

“అది మన పరిశోధన పరిధిలో లేదమ్మా. వివరాలన్నీ గోప్యం. మనుషులు మనకు అంకెలే. ఎవరు ఎవరో మాకు కూడా తెలియదు.”

“నాకు తెలుసు సార్. అంకెలు వేసింది నేను.”

విదేశీ మేడమ్‌కు పక్కనున్నాయన నా ప్రశ్నను చెవిలో చెప్పాడు. ఆమె మైకు తీసుకుని మెత్తగా, ఇంగ్లీషులో, ఒక్కొక్కరికీ ఫలితం చెప్పడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోలేదని, అడగకుండా చెబితే నియమం తప్పినట్టవుతుందని, ప్రభుత్వానికి నివేదిక ఇస్తామని చెప్పింది. ఆమె కళ్లలో బాధ కనబడింది. నిజం బాధే. ఆ బాధ చూసి నాకు మరింత ఒళ్లు మండింది.

“మరి అనుమతి ఎందుకు అడగలేదు మేడమ్?”

మా ప్రిన్సిపాల్ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, “భోజనాల సంగతి చూడమ్మా” అన్నాడు. నేను బయటికి నడిచాను. వెనక చప్పట్లు వినబడ్డాయి. సంతకాలు మొదలైనట్టున్నాయి.

కాలేజీకి వెళ్లి, బీరువాలోంచి రిజిస్టరు తీశాను. ఏ అంకె ఏ ఇంటిదో నా చేతిరాతతో అందులో ఉంది. పాజిటివ్ వచ్చిన అంకెల జాబితా మేమంతా వాడే కంప్యూటరు ఫోల్డరులోనే ఉంది. ఎవరూ దాచలేదు. చూడాలని నాకు తోచనూ లేదు, చూసే పని నాది కాదని నాకు చెప్పి ఉన్నారు. ప్రింటు తీసుకుని మధ్యాహ్నం బస్సెక్కాను. కిటికీ పక్క సీట్లో కూర్చుని ఒక్కొక్క అంకే రిజిస్టరులో వెతికాను. మొదటి అంకె మా నాయనది. వెతకాల్సిన పని కూడా లేదు, మొదటివాడు గదా. తర్వాత ఇద్దరు కాపరులు. తర్వాత మా చిన్నాయన. తర్వాత చిన్నమ్మ కోడలు.

ఆ అంకె దగ్గర నేను రెండు మూడుసార్లు వేలు పెట్టి చూసుకున్నాను. పైవరసా కిందివరసా కలిపి చూసుకున్నాను. మారలేదు.

నాయన వసారాలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. చెప్పాను. జబ్బు పేరు, అది గొర్రెల నుంచి ఎట్ల వస్తుందో, మందులున్నాయని, ఆరు వారాలు తప్పకుండా వేసుకోవాలని. ఆయన అంతా విన్నాడు.

“ఎప్పుడు తెలిసింది వాళ్లకి?”

“ఎనిమిది నెల్లయింది నాయనా.”

“నీకు?”

“ఈపొద్దే.”

నా ముఖంలోకి చూశాడు. “వాళ్ల కాడ పనిజేస్తా, వాళ్ల కార్లలో తిరుగుతా, నీకు ఈపొద్దే తెలిసిందా?” అన్నాడు. ఆయన నన్ను నమ్మలేదు. ఆ చూపును నేను దులుపుకోలేకపోయాను.

తర్వాత మిగిలిన ఇళ్లకు పోయాను. ఇద్దరు కాపరుల ఇళ్లలోనూ చెప్పి, చిన్నమ్మ ఇంటికి చివర పోయాను. ఆ పిల్లను విడిగా పిలిచి చెప్పి ఉండాల్సింది. నేను వసారాలో నిలబడి, ఎదురింటివాళ్లకు వినబడేంత గొంతుతో, చిన్నాయనకూ కోడలికీ ఇద్దరికీ ఉందని చెప్పేశాను. కోపంలో ఉన్నాను, ఎవరికో ఒకరికి నిజం చెప్పేయాలన్న ఊపులో ఉన్నాను. ఆ పిల్ల చాటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది.

“అందుకే పోయిందా వదినా?”

“అట్ల చెప్పలేం. కావచ్చు, కాకపోవచ్చు.”

చిన్నమ్మ లేచింది. ఆమె గొంతు పెంచలేదు.

“నేను అడిగినానా లేదా? కాయితంలో ఉందా అని అడిగినానా లేదా?”

“అడిగినావు చిన్నమ్మా.”

“నువ్వు చెప్పినావని వేలు పెట్టినా. వాళ్ల మొగం చూసి కాదు. వాళ్లెవరో నాకేం తెలుసు. నీ మొగం చూసి పెట్టినా. పో ఇంక.”

మార్కాపురంలో ఒక పెద్ద డాక్టరు మళ్లీ పరీక్ష చేయించి, అయిదుగురికీ మందులు రాశాడు. ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చారని కసిరాడు. చిన్నమ్మ కోడలి గురించి అడిగితే, ఆ జబ్బు వల్ల కడుపు పోయే అవకాశం ఉంది గాని ఈమెకు అందువల్లే పోయిందని ఎవరూ తేల్చి చెప్పలేరన్నాడు. నాయనకు మూడో వారానికి జ్వరం ఆగింది. నడుము నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. ముందే పట్టుకుని ఉంటే ఇట్ల ఉండేది కాదేమోనని డాక్టరు అన్నాడు.

మందులతో జ్వరం పోయింది గాని మాట ఊరు దాటింది. ఆ పల్లెలో పశువులకు రోగమట, మనుషులకు కూడా అంటిందట అని పెద్దారవీడు సంతదాకా పాకింది. పాలవ్యాను మా బస్‌స్టాపులో ఆగడం మానేసింది. మా ఊరి బర్రెల్ని ఎవరూ పరీక్ష చేయలేదు, వాటికి ఏమీ ఉందని ఎవరూ అనలేదు. కాగబెట్టిన పాలతో భయం లేదని నేను వ్యాను మనిషికి నిలబెట్టి చెప్పాను. “నువ్వే గదక్కా రోగమని చెప్పినావంట” అన్నాడతను. ఊళ్లో ఒక ఆడపిల్లకు వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. వాళ్ల అమ్మ మా ఇంటి ముందుకొచ్చి మట్టి తీసి పోసి తిట్టింది. ఆ ఇంట్లో జబ్బున్నవాళ్లే లేరు. ఆ తిట్లలో సగం న్యాయమే. జబ్బు పేరు ఇంట్లోవాళ్లకే తెలియాలి, వీధికి కాదు. గోప్యత అని వాళ్లు అడ్డం పెట్టుకున్న మాటకు కూడా ఒక అర్థం ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

గొర్రెల సంగతి ఇంకా ఘోరం. జబ్బున్న వాటిని వేరు చేయాలి, అమ్మకూడదు అని నేను మందమందకూ చెప్పుకుంటూ తిరిగాను. ఆ వారమే తెల్లవారుజామున కాపరులు వాటిని ఆటోల్లో ఎక్కించి గిద్దలూరు వైపు అమ్మకానికి తోలేశారు. మా నాయన కూడా రెండు గొర్రెల్ని ఎక్కించబోతుంటే నేను ఆటో ముందు నిలబడ్డాను.

“ఇంకొకరి ఇంట్లో పడతాది నాయనా ఇది.”

“నా ఇంట్లో పడినపుడు ఎవరన్నా ఆటోకి అడ్డం నిలబడినారా?”

ఆ రెండూ మా దొడ్లోనే ఉండిపోయాయి. నాయన నాతో నెలరోజులు మాట్లాడలేదు. మిగతా మందల్లోంచి పోయినవి ఏ ఊళ్లలో ఎవరి చేతుల మీద ఈనాయో నాకు తెలియదు. ఇది రాస్తున్నప్పుడు కూడా అదే నా గుండెల్లో మొదట గుచ్చుకునేది.

కాలేజీలో విచారణ పెట్టారు. బల్లకు అవతల ప్రిన్సిపాల్, నగరం నుంచి వచ్చిన సారు, ఇంకో ఇద్దరు. నేను సంతకం చేసిన ఒప్పందం కాగితం నా ముందుకు తోశారు. రిజిస్టరు బయటికి తీసుకుపోవడం తప్పు. ఫలితాలు వెల్లడించడం తప్పు.

“నువ్వు ఆ సమాజం నమ్మకాన్ని దెబ్బతీశావమ్మా” అన్నాడు సారు. “ఇప్పుడు ఆ ఊళ్లో మళ్లీ అడుగు పెట్టగలమా మనం?”

“ఆ సమాజం అంటే మా చిన్నమ్మ సార్. దెబ్బతీశాననే ఆమె కూడా అంటోంది. కాకపోతే వేరే కారణానికి.”

“భావోద్వేగంతో సైన్సు నడవదు.”

“మా నాయన చేతుల ఫొటో తీసేటప్పుడు మీ కారులో తొడుగులు ఉన్నాయా లేవా సార్?”

ఆయన ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ కాగితాల వైపు చూశాడు. నన్ను రాజీనామా ఇవ్వమన్నారు, ఇవ్వకపోతే వాళ్లే తీసేస్తామన్నారు. నేను ఇవ్వనన్నాను. వాళ్లే తీసేశారు. ఆ కాగితం నా దగ్గర ఉంది.

కొన్ని నెలలకు పశువుల డాక్టరు మా పల్లెకు వచ్చి ఆడ గొర్రెపిల్లలకు టీకాలు వేశాడు. సదస్సులో ఇచ్చిన నివేదిక వల్ల వచ్చాడో, నేను ఆఫీసులకు రాసిన అర్జీల వల్ల వచ్చాడో తెలియదు. చిన్నమ్మ మాత్రం ఇప్పటికీ నేను వీధిలోకి వస్తే లోపలికి పోతుంది. ఆమె కోడలు బావి దగ్గర కనబడితే పలకరిస్తుంది గాని, నిలబడదు.

నేనిప్పుడు గిద్దలూరులో ఒక చిన్న ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేస్తున్నాను. పోయిన ఎండాకాలం నంద్యాల పోదామని స్టేషనుకు వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద నీడ ఉన్న బెంచీ దగ్గర సారు నిలబడి ఉన్నాడు, పక్కన ఇద్దరు విద్యార్థులు, వాళ్ల కాళ్ల దగ్గర ఐస్ బాక్సులు. నన్ను గుర్తుపట్టాడు. విద్యార్థుల్ని అక్కడే ఉండమని నా దగ్గరికి నడిచి వచ్చాడు. కొంచెం చిక్కాడు, జుట్టు నెరిసింది.

“బాగున్నారా అమ్మా. మిమ్మల్ని చాలాసార్లు తలుచుకున్నాను” అన్నాడు. ఒకప్పుడు ‘నువ్వు’ అనేవాడు. “మేం పద్ధతి మార్చాం. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టులోనూ ఫలితాలు వాళ్లకు చెప్పేందుకు అనుమతి తీసుకుంటున్నాం. డాక్టరు దగ్గరికి కూడా పంపుతున్నాం. ఒక విధంగా అది మీ వల్లే.”

“మంచిది సార్. మా ఊరికి వచ్చి చెప్పారా?”

“అది... ఆ ప్రాజెక్టు ముగిసిపోయింది కదమ్మా. ఇప్పుడు చేస్తున్నది వేరే జిల్లాలో.”

“మా ఊళ్లో రక్తమిచ్చినవాళ్లలో జబ్బు లేనివాళ్లు కూడా ఉన్నారు సార్. లేదని కూడా వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ వాళ్లు నా మొగం చూసి భయపడతారు.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “మీరు ఇంకా కోపంగానే ఉన్నారు” అన్నాడు.

“అవును సార్.”

క్షమాపణ చెబుతాడేమోనని ఒక్క క్షణం చూశాను. చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఆయన జేబులోంచి కార్డు తీసి, వాళ్ల కొత్త ప్రాజెక్టుకు పల్లెలు తెలిసిన అనుభవజ్ఞులు కావాలని, ఆలోచించమని చెప్పాడు. నేను చెయ్యి చాపలేదు. గుంటూరు వైపు నుంచి బండి వచ్చి ఆగింది. విద్యార్థులు ఐస్ బాక్సులు ఎత్తుకుని ముందు పెట్టెలోకి ఎక్కుతుంటే, సారు కార్డు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. నేను ఆయన పక్కనుంచి నడిచి వెనక పెట్టెలోకి ఎక్కాను.